ఆయ్ అన్నదెవరు?

అమలాపురం,
12 జూన్ 2003.

దుర్గా,

ఇక్కడ మనుషులందరం కులాసా. కంప్యూటర్లకే ఒంట్లో బాగాలేదు.

ఆఫీసులో సొంత ఫోన్లు కుదరవంటావు, హాస్టల్లో ఫోను దగ్గర ఎప్పుడూ పదిమంది ఉంటారంటావు. దాంతో కబుర్లు చెప్పుకునే ప్రోగ్రాం తయారుచేసిన మనిద్దరం కొరియర్ కవర్లో ఉత్తరాలు పంపుకుంటున్నాం. పాలిటెక్నిక్‌లో మనకు పాఠం చెప్పిన మేడమ్ వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది.

డాక్టరు త్రిమూర్తులు గారి ఆసుపత్రిలోను, ఆయనవే రాజోలు, కొత్తపేట, ముక్తేశ్వరం క్లినిక్కుల్లోను మన 'కబురు' పెట్టేశాను. ఒకచోట టైపు చేస్తే నాలుగు చోట్లా కనబడుతుందంటే డాక్టరు గారు తెగ సంబరపడ్డారు. "ఫోన్లో ఒకటి చెబితే ఇంకోటి వింటున్నారమ్మా. మందు పేరు రాసి పంపేస్తే గొడవే ఉండదు," అన్నారు. నా కంప్యూటర్ సెంటర్‌కి ఇంత మంచి పేరు ఇదివరకెప్పుడూ రాలేదు. అది పోకూడదనే ఈ ఉత్తరం.

నువ్వు పంపింది పేరుకే ప్రోగ్రాం. లోపలున్నదంతా ఇంటర్నెట్ పేజీ. దాని చుట్టూ ఒక చట్రం బిగించి, మూలన చిన్న బొమ్మ అతికించి ప్రోగ్రాం అన్నావు. ఆ పేజీ హైదరాబాదులో మీ కంపెనీ సర్వర్ నుంచి రావాలి. ఇక్కడున్నవి ఎవరో వాడి వదిలేసిన పాత మిషన్లు. బిల్లింగ్ ఒక పక్క, నీ కిటికీ ఒక పక్క తెరిస్తే మౌసు కదలదు. గాలి కొడితే లైను పోతుంది, లైను పోతే తెల్ల పేజీ వస్తుంది, అంతదాకా టైపు చేసినదంతా గోవిందా.

నాకు ఈ పేజీ వద్దు. నేరుగా విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం కావాలి. ఈ మిషన్‌లోనే ఉండి, ఈ మిషన్ బాగోగులు తెలిసినది. లైను పోతే పోయిందని చెప్పాలి. పంపాల్సింది దాచి, లైను రాగానే తనే పంపాలి. రాయడం నీకు రానిదేం కాదు, బద్ధకం అంతే.

ఒక్క మంచి మాట కూడా చెబుతాను. రాజోలు క్లినిక్‌లో సత్తెమ్మ గారని పెద్ద నర్సు ఉన్నారు. కాన్పులు చేయించడంలో చెయ్యి తిరిగిన మనిషి. "ఫోనెత్తి అడిగితే పోయేదానికి ఇదంతా ఎందుకమ్మా," అని సణుగుతూనే నేర్చుకున్నారు. కబురు పంపగానే పక్కన వచ్చే, 'ఆయ్' అని రాసిన నీ బొమ్మ చూసి మాత్రం మురిసిపోయారు. "ఎంత మర్యాదగా ఆయ్ అంటుందో చూడు," అని అందరినీ పిలిచి చూపించారు.

రేచల్

—

హైదరాబాదు,
21 జూన్ 2003.

రేచలూ,

ఉత్తరం చదువుతుంటే పక్కనే నిలబడి చెవి మెలిపెడుతున్నట్టే ఉంది. బద్ధకం అన్నందుకు నిన్ను క్షమించడం లేదు.

నువ్వడిగినట్టు రాశాననుకో. ఒక్క అక్షరం మార్చాలన్నా నేను ఫ్లాపీ పంపాలి, నువ్వు బస్సెక్కాలి. రాజోలుకొక పూట, కొత్తపేటకొక పూట, ముక్తేశ్వరానికొక పూట. దారిలో ఫ్లాపీ పాడైందంటే మళ్లీ మొదటికి. పేజీ అయితే నేనిక్కడ మార్చిన క్షణంలో నాలుగు చోట్లా మారిపోతుంది. నువ్వు గుమ్మం దిగక్కర్లేదు. మిషన్లు ఇలాగే ఉండిపోతాయా, లైన్లు ఇలాగే ఉండిపోతాయా? లోకమంతా ఇటే వస్తుంది, నా మాట రాసిపెట్టుకో.

ఇంకో సంగతి. మా యజమాని సుబ్బరాజు గారు సర్వర్లో చోటిచ్చింది ఊరికే కాదు. దీన్ని విజయవాడలో, నెల్లూరులో పెద్ద ఆసుపత్రులకు చూపిస్తారట. వాళ్లకు నచ్చితే ఈ పనంతా నా చేతికిస్తానన్నారు. ఇక్కడికొచ్చినప్పటి నుంచి ఎవరో రాసినదాంట్లో తప్పులు దిద్దుతూ కూర్చున్నాను రేచల్. నాకిది కావాలి. నీ దగ్గర దాపరికమెందుకు?

ఆ 'ఆయ్' కోసం ఇక్కడ చిన్న యుద్ధమే జరిగింది. అందరూ 'ఓకే' పెట్టమన్నారు. మా ముక్తేశ్వరంలో ఓకే అని ఎవరంటారు? ఆ మిషన్లలో తెలుగు అక్షరాలు రావని బొమ్మగా గీసి మరీ పెట్టాను. సత్తెమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు.

మిషన్లలో మెమరీ పెంచమని డాక్టరు గారిని అడుగు.

దుర్గాశ్రీ

—

అమలాపురం,
19 జూలై 2003.

దుర్గా,

మొన్న బుధవారం మధ్యాహ్నం రాజోలులో కాన్పయిన ఒకమ్మాయికి రక్తం ఆగలేదు. సత్తెమ్మ గారు కబురు పెట్టారు. కారులో పంపుతున్నాం, డాక్టరు గారున్నారా, రక్తం సిద్ధం చేయగలరా అని. పక్కన ఆయ్ వచ్చింది. వెంటనే కారెక్కించేశారు.

అమలాపురంలో డాక్టరు గారు లేరు, ముక్తేశ్వరం వెళ్లారు. రక్తం సిద్ధంగా లేదు. కౌంటరు దగ్గరుండే ముత్యాలరాజు గారు "ఏ ఊరండి, ఎవరు పంపేరండి" అని అడిగారు. ఆయనకేమీ తెలియదు. లైను పొద్దున్నే పోయింది. నీ పేజీ మాత్రం పొద్దుటి కబుర్లు చూపిస్తూ, అంతా బాగున్నట్టే బిల్లింగ్ వెనకాల కూర్చుంది. అక్కడి నుంచి ఆ అమ్మాయిని కాకినాడ తీసుకెళ్లేసరికి ఒంట్లో రక్తమన్నది లేదు. బతికింది. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు, నిన్న కళ్లు తెరిచింది. బిడ్డ వాళ్లమ్మమ్మ దగ్గరుంది.

డాక్టరు గారు రాజోలు వెళ్లి అడిగారు. నేనక్కడే ఉన్నాను.

"కనుక్కోకుండా ఎందుకు పంపేరు సత్తెమ్మ గారూ?"

"కనుక్కున్నానండి. అమలాపురం ఆయ్ అందండి."

"ఎవరన్నారు?"

"ఎవరో తెలీదండి. ఆయ్ అని వచ్చిందండి."

ముత్యాలరాజు గారు తను అనలేదని ప్రమాణం చేశారు. అమలాపురంలో ఎవరూ అనలేదు. కేసు పాడైందని భయపడి నర్సు కట్టుకథ చెబుతోందని అక్కడ గుసగుసలు. ఫోన్ చేస్తానన్న మనిషిని, ఆయ్ వస్తే ఫోన్ అక్కర్లేదండి అని ఆపింది నేను. అందుకని రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

ఒక్కటి చెప్పు చాలు. ఇక్కడ ఆ కబురు ఎవరూ చూడలేదు. మరి ఆయ్ అన్నదెవరు?

రేచల్

—

హైదరాబాదు,
28 జూలై 2003.

రేచల్,

నీ ఉత్తరం అందింది. ఆ అమ్మాయి బతికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

లైను పోయినప్పుడు పేజీ పాతదే కనబడటం పెద్ద లోపమే. అది పేజీతో ఎప్పుడూ ఉండే చిక్కు. అర నిమిషానికోసారి దానంతటదే మళ్లీ తెరుచుకునేలా పెట్టాను కానీ, మెమరీ చాలక అక్కడ ఆగిపోయి ఉండాలి. ఈసారి పైన ఎర్రగీత వచ్చేలా చేస్తాను. బిల్లింగ్ వెనక్కి వెళ్లకుండా కూడా ఏదైనా చూస్తాను. మోడెమ్ తీగ ఒకసారి మార్చి చూడు. వానలకు అక్కడ లైన్లెలా ఉంటాయో నాకు తెలుసు కదా.

నెల్లూరు వాళ్లు వచ్చేవారం చూడటానికి వస్తున్నారు. సుబ్బరాజు గారు కొత్త ప్రొజెక్టర్ తెప్పించారు. ఈ సంగతులు అప్పటిదాకా మనిద్దరి మధ్యే ఉంటే మంచిది.

నువ్వు వేళకు తిను. అమ్మకు నమస్కారాలు.

దుర్గాశ్రీ

—

అమలాపురం,
2 ఆగస్టు 2003.

దుర్గాశ్రీ గారికి,

మోడెమ్ తీగ గురించి రాశావు, ఎర్రగీత గురించి రాశావు, వానల గురించి రాశావు. నేనడిగింది ఒక్కటే. దానికి తప్ప అన్నిటికీ జవాబిచ్చావు.

నిన్న డాక్టరు గారు సత్తెమ్మ గారిని సోమవారం నుంచి రావద్దన్నారు. రాజోలు క్లినిక్‌లో, తోటి నర్సుల ముందు, వరసలో కూర్చున్న రోగుల ముందు. ఆవిడ ఎదురు చెప్పలేదు. "ఆయ్" అని సంచీ తీసుకుని బయటికొచ్చారు. ఎంతోమంది పిల్లల్ని ఈ లోకంలోకి తీసుకొచ్చిన మనిషిని అబద్ధాలకోరు అంటున్నారు. ఈ గుసగుసలకి పోయిన ఆదివారమే ఆవిడ గుడికి కూడా వెళ్లలేదట. ఇవాళ వెళ్లి చూస్తే, "నేను తప్పు చదివేనేమోనమ్మా, నా కళ్లే బాలేదేమో," అన్నారు. చూసింది చూసినట్టు చెప్పిన మనిషి తన కళ్లనే అనుమానించుకుంటోంది.

నీ నెల్లూరు బేరం బాగా జరగాలని నిజంగానే కోరుకుంటున్నాను. కానీ నేను ఊరుకోను. వచ్చే శనివారం లోపు జవాబు రాకపోతే ఆదివారం బస్సెక్కి మీ ఆఫీసుకే వచ్చి, ఆ ప్రొజెక్టర్ ముందే నిలబడి అడుగుతాను. నా సంగతి నీకు తెలుసు.

రేచల్

—

హైదరాబాదు,
6 ఆగస్టు 2003.

రేచల్,

నన్ను గారు అన్నావు. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

ఆయ్ అన్నది మా సర్వర్. ఇక్కడ, హైదరాబాదులో, ఏసీ గదిలో ఉన్న పెట్టె. కబురు తనకు చేరగానే అది ఆయ్ అంటుంది. అమలాపురం దాకా వెళ్లిందా, ఎవరైనా చదివారా అన్నది దానికి తెలియదు. చేరిందన్న మాటకు బదులుగా ఆ బొమ్మ పెట్టాను. విన్నాను అనడానికీ ఆయ్ అంటాం, అలాగే చేస్తాం అనడానికీ ఆయ్ అంటాం. నేనక్కడే పుట్టి పెరిగి, ఆ రెండోది మరిచిపోయాను. ముద్దుగా ఉంటుందని పెట్టాను. సత్తెమ్మ గారు మన ఊళ్లలో ఎవరైనా చదివినట్టే చదివారు.

ఆయ్ అన్నదెవరని నువ్వు మొదట అడిగిన ఉత్తరం అందిన రోజే నాకు తెలుసు. చెబితే నెల్లూరు పోతుందని మింగేశాను. నేను నోరు మూసుకున్న ఆ నాలుగు రోజుల్లో ఆవిడ పని పోయింది. సిగ్గుగా ఉంది.

డాక్టరు గారికి విడిగా ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇందులో ఉంచాను. అతికించలేదు, నువ్వు చదివి ఇవ్వు. సుబ్బరాజు గారికి కూడా చెప్పేశాను. నెల్లూరు వాళ్లు రాకముందే చెప్పాను. ఆయన అరవలేదు. అద్దాలు తుడుచుకుంటూ, "సర్వర్లోంచి దాన్ని తీసెయ్, నీ పాత పని చూసుకో," అన్నారు. అయిపోయింది.

ఇప్పుడు విను. సాయంత్రాలు కూర్చుని నువ్వడిగిన ప్రోగ్రామే రాస్తున్నాను. పేజీ లేదు, చట్రం లేదు, నేరుగా విండోస్ కోసమే. హైదరాబాదుతో పని లేదు. రాజోలు మిషన్ తిన్నగా అమలాపురం మిషన్‌కే డయల్ చేసి, కబురిచ్చి ఫోను పెట్టేస్తుంది. లైను దొరక్కపోతే 'ఇంకా చేరలేదు' అని ఎర్రగా చూపిస్తూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కబురు రాగానే ఏది తెరిచి ఉన్నా దాని మీదకొచ్చి, ఎవరైనా చూసేదాకా గంట కొడుతుంది. ఆయ్ అన్నది మనిషి చేత్తో నొక్కితేనే వెళ్తుంది. నొక్కిన వాళ్ల పేరుతో సహా.

ఆసుపత్రిలో మోడెమ్‌కి రెండో లైను అడుగు. ఇవ్వనంటే నిలబడి అడుగు.

దుర్గ

—

అమలాపురం,
14 సెప్టెంబరు 2003.

దుర్గా,

ముందు నిన్ను మళ్లీ దుర్గా అంటున్నానని గమనించు.

నీ ఉత్తరం డాక్టరు గారికిచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "యంత్రం తప్పు చెప్పిందని ఒప్పుకుంటే, ఆ యంత్రాన్ని తెచ్చిపెట్టింది నేనే కదమ్మా," అన్నారు. సత్తెమ్మ గారి సంగతి ఎత్తితే గడియారం చూసుకున్నారు. మంచాయనే, కానీ పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేదు మందు. నీ ఉత్తరం నకలు సత్తెమ్మ గారికి చదివి వినిపించాను. తన కళ్లు మంచివేనని తెలిసి ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఆవిడ మళ్లీ ఆ క్లినిక్‌లో అడుగు పెట్టేదాకా నేను వదలను.

ఫ్లాపీలు నాలుగూ బాగానే వచ్చాయి. మూడు క్లినిక్కులూ తిరిగాను. కొత్తపేట బస్సులో నిలబడే ప్రయాణం, ముక్తేశ్వరంలో కరెంటు లేదు, రాజోలులో వాన. అయినా నీ ప్రోగ్రాం ఆ ముసలి మిషన్లలో చెంగుచెంగున లేచింది. బిల్లింగ్ ఆగలేదు, మౌసు ఆగలేదు. ఎర్రగీత, గంట, అన్నీ చెప్పినట్టే పనిచేశాయి.

నిన్న రాజోలు నుంచి నేనే ఒక పరీక్ష కబురు పెట్టాను. ఓ నెగటివ్ రక్తం ఉందా అని. ముత్యాలరాజు గారి పేరుతో వెంటనే ఆయ్ వచ్చింది. సాయంత్రం తిరిగొచ్చి, రక్తమేదండీ అన్నాను.

"లేదండి," అన్నారు.

"మరి ఆయ్ అన్నారు కదండీ?"

"అడిగినప్పుడు పలక్కపోతే ఏం బాగుంటదండి? ఉన్నదొక్కటే బటనాయె. అయినా ఆపదలో ఉన్నోళ్లకి లేదని ముఖం మీద ఎలా చెప్తామండి? తర్వాత ఫోన్ చేసి మెల్లిగా చెబుదామనుకున్నానండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు ముత్యాలరాజు గారు కబురు చూసి ఉన్నా ఆయ్ అనే నొక్కేవారన్నమాట! మన సర్వర్ ఒక్కటే కాదే, మనమంతా అంతే. పెళ్లికి రమ్మంటే రాలేమని తెలిసీ ఆయ్ అంటాం.

ఇంకో బటన్ కావాలి. 'కుదరదు' అని. ఆయ్ ఎంత ఉందో అదీ అంతే పెద్దదిగా.

రేచల్

—

హైదరాబాదు,
24 సెప్టెంబరు 2003.

రేచలూ,

ముత్యాలరాజు గారి మాటలు చదివి హాస్టలంతా వినపడేలా నవ్వాను. తర్వాత మా అమ్మ గుర్తొచ్చి ఆపేశాను. ఈ నెల ఇంటికి వస్తున్నావా అని అడిగితే ఆయ్ అన్నాను. సెలవు లేదని అప్పటికే తెలుసు. ఇవాళ ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, కుదరదమ్మా అని చెప్పాను. చెప్పడానికి ఎంత కష్టమైందో! అమ్మ మాత్రం, "చెప్పేవు కదా, సరే," అని ఊరుకుంది.

బటన్ పెట్టాను. నొక్కితే, ఎందుకు కుదరదో ఒక్క మాట టైపు చేయమని అడుగుతుంది. కావాలంటే రాయొచ్చు, లేకపోతే లేదు. కుదరదు అన్నది మాత్రం ముందే వెళ్లిపోతుంది. ఫ్లాపీలు కవర్లో ఉన్నాయి. నువ్వు మళ్లీ మూడు బస్సులెక్కాలి. నా పేజీ అయితే ఈ పని ఒక్క సాయంత్రంలో, నీ కాలికి దుమ్మంటకుండా అయిపోయేది. ఆ ఒక్క మాటా ఒప్పుకో.

డాక్టరు గారు ఈ బటన్‌కి ఒప్పుకుంటారా?

దుర్గ

—

అమలాపురం,
2 నవంబరు 2003.

దుర్గా,

ఒప్పుకున్నాను. ఒక్క సాయంత్రంలో అయిపోయేది. నడుం నొప్పితో రాస్తున్నాను కాబట్టి నమ్ము.

డాక్టరు గారు ఒప్పుకోలేదు. "రోగి వస్తానంటే కుదరదనే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటుందా అమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. అది లేకపోతే మిగతాది కూడా తీసేసి పట్టుకుపోతానండి అన్నాను. నిజంగానే మిషన్ ముందు కూర్చున్నాను తీసేయడానికి. "ఉంచండి, ఎవరూ నొక్కరులెండి," అని లోపలికెళ్లిపోయారు.

మొన్న గురువారం కొత్తపేట నుంచి కబురొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే ఆపరేషన్ కావాలి, పంపమంటారా అని. ముత్యాలరాజు గారు భోజనానికి వెళ్లారు. గంట ఆగకుండా కొడుతుంటే డాక్టరు గారే బయటికొచ్చారు. ఆపరేషన్ గదిలో అప్పటికే ఒకాయన బల్ల మీద ఉన్నాడు. ఉన్న మత్తు డాక్టరు ఒక్కరే. నేను ప్రింటర్ బాగుచేస్తూ అక్కడే ఉన్నాను. ఆయన వేలు ఆయ్ దగ్గరే ఆడింది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా ఆయనే కుదరదు నొక్కి, 'గది ఖాళీ లేదు' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టి లోపలికి పరిగెత్తారు.

కొత్తపేట వాళ్లు ఇటు రాలేదు. తిన్నగా జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి తీసుకెళ్లిపోయారు. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల.

ఆ కబురు తెలిశాక డాక్టరు గారు కారు తాళాలు తీసుకున్నారు. "రాజోలు వెళ్దాం, కారెక్కమ్మా," అన్నారు. సత్తెమ్మ గారి ఇంటికెళ్లాం. ఆవిడ కంగారుగా కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లిచ్చారు. డాక్టరు గారు గ్లాసు పట్టుకునే, "జరిగిందేదో జరిగింది సత్తెమ్మ గారూ. రేపటి నుంచి వచ్చేయండి," అన్నారు.

ఆవిడ ఆయ్ అంటారని నేననుకున్నాను. ఆయనా అదే అనుకున్నారు, సగం లేచారు కూడా.

"కుదరదండి," అన్నారు సత్తెమ్మ గారు.

కుర్చీ తుడిచిన గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "మీరంటే గౌరవమేనండి. కానీ పొమ్మన్నది నలుగురి ముందండి, రమ్మంటంది మా ఇంట్లోనండి. నేనేం తప్పు చేసేనో ఆ నలుగురికీ చెప్పేరు కదండి. చెయ్యలేదని కూడా వాళ్లకే చెప్పాలండి. లేకపోతే కుదరదండి."

డాక్టరు గారు నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు. తిన్నగా వెళ్లి కారెక్కారు. ఇక అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రాజోలు క్లినిక్ నుంచి కబురొచ్చింది, డాక్టరు గారు నన్నూ సత్తెమ్మ గారినీ రమ్మంటున్నారని. నేను వెళ్లేసరికి సత్తెమ్మ గారు గుమ్మం బయట నిలబడి ఉన్నారు, ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు. బెంచీల మీద ఎప్పటిలాగే జనం. డాక్టరు గారు వాళ్ల మధ్య నిలబడి, "ఆ రోజు సత్తెమ్మ గారు అడిగే పంపేరు. జవాబు చెప్పాల్సిన చోట మా వాళ్లెవరూ లేరు, నేనూ లేను. ఎవరూ చూడకుండానే ఆయ్ అని వెళ్లిపోయే ఏర్పాటు పెట్టుకున్నది నేను. అబద్ధం ఆవిడది కాదు. నేను పదిమందిలో ఆవిణ్ణి అన్న మాట తప్పు," అన్నారు. ఇంకేదో చెప్పబోతున్నారు. ఇంతలో లోపల నొప్పులు పడుతున్న అమ్మాయెవరో పెద్దగా అరిచింది.

సత్తెమ్మ గారు మిగతాది వినలేదు. చెప్పులు గుమ్మంలో వదిలి, కొంగు దోపుకుని, డాక్టరు గారిని పక్కకు తప్పించుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

రేచల్